ఐసు ఎత్తే పసాంగ్ ఇల్లు

మెసైమీర్, దోహా

మాలతీ,

నేను బాగానే ఉన్నాను. నిన్న ఫోన్లో సంగతంతా చెప్పలేక సగంలోనే పెట్టేశాను. అందుకే లీవులో వస్తున్న నర్సింలు చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

మా రూములో ఉండే నేపాలీ పసాంగ్ ఇల్లు ఒరిగిపోయింది. వాళ్ల ఊరు మంచుకొండల్లో చాలా ఎత్తున ఉంది. అక్కడ నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండేదట. తాతల నాటి నుంచీ రాయిలా ఉందని దాని మీదే అన్నీ కట్టుకున్నారు. ఇప్పుడు వేడి పెరిగి అది లోపల్లోపలే కరుగుతోంది. బడి గోడ పగిలింది, రోడ్డు జారిపోయింది, ఇతను గల్ఫ్ సంపాదనంతా పెట్టి కట్టిన ఇల్లు ఒక పక్కకు కూరుకుపోయింది.

కబురు వచ్చినప్పుడు కాంక్రీటు ప్లాంటులో డ్యూటీ మీద ఉన్నాం. ఇక్కడి ఎండకు కాంక్రీటు పగలకుండా ఐసు కలుపుతాం. ఆ ఐసు ఎత్తి పోసేది పసాంగే. పార పట్టుకుని కాసేపు ఐసునే చూస్తూ నిలబడ్డాడు. సూపర్‌వైజర్ "యల్లా" అని తొందరపెట్టగానే మళ్లీ పోశాడు.

మన కొత్త ఇంటికి పునాది తీసే చోటు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. "గింత లోతు సాలు, ముహూర్తం దాటుతది" అని మేస్త్రి పోశెట్టి అంటే ఒప్పుకోకు. కింద గట్టి మొరం తగిలేదాకా తవ్వించు. ముహూర్తం పోతే పోనీ. చిన్నదాని దగ్గు తగ్గిందా? బోరు పోస్తోందా? అమ్మకు నా దండాలు చెప్పు.

"మీ నేల గట్టిదేనా" అని పసాంగ్ రోజూ అడుగుతున్నాడు. నువ్వు గుంతలోకి దిగి చూసి చెప్పేదాకా అతనికి జవాబు చెప్పను.

నీ తిరుమల్