ఒక అంకె తక్కువ

ప్రియమైన బామ్మర్దికి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావని మీ అక్క ఒకటే గోల. ఉత్తరమైతే చదవక చస్తాడా అని రాస్తున్నాను.

సీజన్ అయిపోయింది. నా ఒంట్లో ఓపిక అంతకుముందే అయిపోయింది. షెడ్డులో మన జట్టు ర్యాలీ పందెం కార్లు రెండూ ముసుగులు కప్పుకొని పడున్నాయి. స్పాన్సర్లు వచ్చే ఏడాదికి ఒక్క కారుకే ఒప్పుకున్నారు. అంటే డ్రైవరూ ఒక్కడే. నిదానయ్యా, తొందరయ్యా? మెకానిక్కులు సరదాకి పెట్టిన పేర్లు ఇప్పుడు నా పీకకు చుట్టుకున్నాయి.

తొందరయ్య రెండు ర్యాలీలు గెలిచాడు, మరో రెండింట్లో కారు తుక్కు చేశాడు. నిదానయ్య కారు మీద గీత పడనివ్వలేదు గానీ, ఒక్కటీ గెలవలేదు. వాడికి ఆ పేరు వచ్చింది మాట నిదానమని, బండి నిదానమని కాదు. ఈ ఏడాది ఏమైందో, పేరు బండికి కూడా అంటుకుంది. నిరుడు తొందరయ్య పక్కన, ఈ ఏడాది నిదానయ్య పక్కన కూర్చుని మలుపు మలుపుకీ ఎంత వేగమో నోట్స్ చదివి చెప్పినవాడివి నువ్వే. ఎవరిని ఉంచమంటావు?

ఇట్లు,
అలిసిపోయిన నీ బావ

*

ప్రియమైన బావకు,

నేను బాగానే తింటున్నానని అక్కకి చెప్పు. పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను. ఎదురింటావిడ పొద్దున బట్టలు ఆరేస్తుంది, సాయంత్రం తీస్తుంది. ఈమధ్య నాకు అంతకు మించిన వేగం పడటం లేదు.

నిదానయ్యని ఉంచు. ఎందుకని అడక్కు. మంచివాడు.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

మంచివాడైతే పిల్లనిస్తారు గానీ, కారు ఇస్తారట్రా? స్పాన్సర్ల ముందు ఆ మాటంటే ముందు నన్ను పంపేస్తారు.

ఎందుకిలా వెనకబడ్డావని నిదానయ్యనే పిలిచి అడిగాను. టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, "వయసు వస్తోంది కదా సార్" అన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు పిల్లలున్నవాడు, ఇల్లు గడవాల్సినవాడు, తన సీటు కోసం ఒక్క మాటైనా మాట్లాడుకోడేం?

ఇక నా వల్ల కాదు. తొందరయ్యనే ఉంచుతున్నాను. సోమవారం నిదానయ్యకి చెప్పేస్తాను. తొందరయ్యకి నోట్స్ చదివేవాడు మానేస్తున్నాడు కాబట్టి, మళ్ళీ నువ్వే వాడి పక్కన. మీ అక్క అప్పుడే మొహం ముడుచుకుంది. నువ్వైనా అడ్డు చెప్పకు.

నీ బావ

*

ప్రియమైన బావకు,

సోమవారంలోగా ఇది నీ చేతికి అందాలి. ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. ఈ మాట నోటితో చెప్పలేను.

నిదానయ్య వేగం తగ్గలేదు. నేను తగ్గించాను. నిరుడు తొందరయ్య నా మాట వినిపించుకోక కారు బోర్లా పడేసినప్పుడు, బెల్టు కోసి నన్ను బయటికి లాగేదాకా తలకిందులుగా వేలాడాను కదా. విరిగిన ఎముక అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. నోట్స్‌లో ఐదు అని కనపడుతుంది, నా నోరు నాలుగంటుంది. నాలుగుంటే మూడంటుంది. ఐదంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకుండా పోయే మలుపు, నాలుగంటే ఇంకాస్త వంపు, కాలు తియ్యాలి. ర్యాలీలు పోయేది ఆ తేడాలోనేనని నీకు నేను చెప్పాలా? మొదట్లో తెలియకుండా జరిగింది. తర్వాత తెలిసే చదివాను.

ఇంకో సంగతి ఉంది. వాడికి తెలుసు బావా. పోటీకి ముందు దారి చూసుకునేటప్పుడు ఏ మలుపుకి ఏ అంకె అని చెప్పేది వాడే, నేను రాసుకుంటానంతే. తను చెప్పిన అంకె తనకి గుర్తుండదా? ఓ సాయంత్రం హెల్మెట్ తీస్తూ, "అన్నా, ఆ వంతెన దగ్గర మలుపు ఐదు అన్నాననుకుంటా" అన్నాడు. నాలుగే అన్నావన్నాను. నా వంక కాసేపు చూసి, "అయితే నాలుగే" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు ధైర్యం వచ్చేదాకా చూద్దామనుకున్నాడేమో, నేను చదివినట్టే నడిపాడు.

తీసెయ్యాల్సింది వాణ్ణి కాదు, నన్ను. ఈ సంగతి ఎవరికి చెప్పాల్సి వచ్చినా చెప్పు.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది.

సోమవారమే నిదానయ్యకి చెప్పేశాను. తలూపాడు. బయటికి పోతూ, తొందరయ్య పక్కన ఎవరు కూర్చుంటారని అడిగాడు. నువ్వేనన్నాను. "వద్దు సార్. అన్నని ఆ కార్లో కూర్చోబెట్టకండి" అన్నాడు. ఓర్వలేక అంటున్నాడనుకుని నానా మాటలూ అన్నాను. నిలబడి అన్నీ పడ్డాడు.

తొందరయ్య సంతకాలు అయిపోయాయి. స్పాన్సర్లని బతిమాలాను, వాళ్ళు ససేమిరా అన్నారు. అందుకని నిన్న మనకి పోటీగా ఉన్న జట్టు మేనేజర్ దగ్గరికి వెళ్ళి, నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ పేరు దాచలేదు. ఇక నిన్ను ఏ డ్రైవరూ పక్కన కూర్చోబెట్టుకోడు. అది తెలిసే రాశావనుకుంటాను. నిదానయ్యని వాళ్ళు తీసుకున్నారు.

నీ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా ఎక్కువగా ఉంది. ఎముక అతికిందో లేదో చూశాను గానీ, నువ్వెలా ఉన్నావని ఒక్కసారైనా అడక్కుండా మళ్ళీ కారెక్కించాను. మీ అక్కకి అంతా చెప్పాను. నీ కోసం గది సర్దుతోంది, వచ్చి కొన్నాళ్ళుండు.

వచ్చే సీజన్లో నిదానయ్య మనల్ని ఓడిస్తాడు. ఓడించాలి. ఆ రోజు నువ్వు నా పక్కన నిలబడి చూద్దువుగాని.

ఇట్లు,
నీ బావ