మూడు చక్రాల ఆఫీసు

నారాయణఖేడ్,
సోమవారం.

చిరంజీవి శివరాజ్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. పక్కింటి బిస్మిల్లాబీ క్షేమం. నా కుడి మోకాలు ఒక్కటే క్షేమం కాదు. కానీ బళ్లో పాఠం చెప్పినన్నాళ్లూ అది నాతోపాటు నిలబడింది కాబట్టి ఇప్పుడు దాన్ని ఏమీ అనడం లేదు. సూరత్‌లో నువ్వూ కోడలు సుహాసినీ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో అయితే నేను మాటమాటకూ అడ్డం వస్తానని ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. నేనూ అందుకే ఉత్తరంలోనే జవాబిస్తున్నాను. ఇప్పుడు అడ్డం రావడం నీకూ కుదరదు.

అడిగినవాటికి చెబుతాను. షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను. కంది చేనుకు వాన ఆలస్యంగానైనా పడింది. కౌలుకు చేస్తున్న చంద్రప్ప వాన పడకముందు ఎంత ఏడ్చాడో పడ్డాక కూడా అంతే ఏడుస్తున్నాడు, కాబట్టి చేను బాగానే ఉందని నా అంచనా. సుహాసిని పంపిన చీర అందింది. ఆ రంగు నా వయసుకు నప్పదని బిస్మిల్లాబీ అంది. అందుకే కట్టుకున్నాను.

పెద్ద ప్రశ్నలు రెండు అడిగావు. బీదర్ వెళ్లి అంకితతో మాట్లాడావా, ఆ ఆటో మానిపించావా అన్నది ఒకటి. కంగ్టి సంబంధం వాళ్లు పిల్లను చూసి ఏమన్నారు, పిల్లవాడి మేనమామ భూమన్న నా ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: వెళ్లాను, మాట్లాడాను, మానిపించలేదు. రెండోదానికి జవాబు కిందెక్కడో ఉంది. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవు.

అంతకుముందు నువ్వు రాసిందేదీ నేను మరిచిపోలేదు. డిగ్రీ చదివిన నీ కూతురు పరాయి ఊళ్లో కరెంటు ఆటో తోలుతూ యాత్రికులకు కోటలు చూపిస్తున్నదని కంగ్టిలో తెలిస్తే సంబంధం తప్పిపోతుందన్నావు. అందుకని టూరిస్టు ఆఫీసులో పనిచేస్తున్నదని వాళ్లకు చెప్పావు. పెళ్లి కాగానే ఆ ఉద్యోగమూ మానేస్తుందని మాట ఇచ్చావు. చూపులయ్యేదాకా అమ్మాయి నోరు తెరవకుండా చూడమని నాకు పని అప్పజెప్పావు. శివరాజ్, పిల్లల చేత నోరు తెరిపించడానికే ప్రభుత్వం ముప్పై ఏళ్లు నాకు జీతమిచ్చింది. మూయించే పనిలో నాకు అనుభవం లేదు.

పది రోజుల కిందట, గురువారం పొద్దున బిస్మిల్లాబీని వెంటబెట్టుకుని బీదర్ బస్సెక్కాను. బస్టాండు బయట అంకిత బండితో నిలబడి ఉంది. ఆకుపచ్చ బండి, పక్కలు తెరిచి ఉన్నాయి, పైన గుడ్డ కప్పు, ఎదురెదురుగా రెండేసి సీట్లు. ఖాకీ చొక్కా, గట్టిగా అల్లిన జడ, మెడలో గుర్తింపు కార్డు. నన్ను చూసి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. డ్యూటీలో ఉందట.

"నానమ్మా, చేతులు బయటికి పెట్టకు. నడుస్తుంటె లేవకు. ఏమన్న అడిగేదుంటె బండి ఆగినంక అడుగు."

"నాకే చెప్తున్నవా?"

"ఎక్కినోళ్లందరికి చెప్త. నువ్వు ఎక్కినవు గద."

బండి కదిలింది. చప్పుడు లేదు. బిస్మిల్లాబీ నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, షురూ చేసిందా లేదా?" అంది. అప్పటికే రెండు సందులు దాటాం.

బీదర్ గుట్ట మీద కూర్చున్న ఊరు. బహమనీల పాఠం చెప్పినన్నేళ్లూ, రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చారు అని ఒక్క వాక్యంలో తేల్చి ముందుకు పోయేదాన్ని. ఎందుకు మార్చారో ఆ సందులు ఎక్కుతూ దిగుతూ ఉంటే తెలిసింది. కింది నుంచి ఎంత పెద్ద సైన్యం వచ్చినా ఆయాసపడుతూనే రావాలి. చౌబారా బురుజు దగ్గర అంకిత ఒక చుట్టు తిప్పింది. గవాన్ మదరసా ముందు ఆపింది. గోడల మీద నీలం పలకలు అక్కడక్కడా మిగిలాయి. రెండు మినార్లలో ఒకటే మిగిలింది. "ఉన్నదాన్ని జూసి లేనిదాన్ని అనుకోవాలె" అని చెప్పింది. మాట పొదుపుగా వాడుతున్నది, నాకు నచ్చింది.

కోటలో రంగీన్ మహల్ తాళం తీయించింది. నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగిన పని, చెయ్యి పెట్టబోతే నన్నే అదిలించింది. అక్కడ ఒక కథ ఎత్తుకుంది. ఎవరో రాణి రాత్రిళ్లు ఆ చిప్ప మెరుపులు చూసి చుక్కలనుకునేదట.

"ఏ పుస్తకంల ఉందే గిది?" అన్నాను.

"పుస్తకంల లేదు నానమ్మా. ఎండల తిరిగి తిరిగి అలిసినోళ్లకు కూసున్నకాడ ఒక కథ కావాలె."

"అయితె కథ అని చెప్పు."

మూతి ముడుచుకుంది. కానీ అక్కడి నుంచి ప్రతిచోటా "గిది చరిత్ర", "గిది కథ" అని విడదీసి చెప్పింది. నీ కూతురికి దిద్దుకోవడం తెలుసు. ఆ గుణం నీ నుంచి వచ్చింది కాదు.

మధ్యాహ్నం అష్టూరుకు దిగాం. ఊరి గుట్ట దిగి, కింద మైదానంలో సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. ఒకదాని గోపురం సగానికి పగిలి, పాత కుండ పెంకులా నిలబడి ఉంది. పిడుగు పడిందంటారు. అహ్మద్ షా సమాధి లోపల చీకటి. అక్కడి కాపలాదారు బయట అద్దం పట్టుకుని ఎండను లోపలికి మళ్లించాడు. ఆ వెలుగు కదిలినచోటల్లా గోపురం లోపల ఎరుపూ బంగారమూ లేచి వచ్చాయి. ముస్లింలు ఆయన్ని వలీ, అంటే సిద్ధపురుషుడు అంటారు, ఇక్కడి లింగాయతులు అల్లమప్రభు అంటారు. బిస్మిల్లాబీ చేతులు చాచి ఫాతిహా చదువుకుంది. నేను ఆ వెలుగు పోయినచోటికల్లా తల తిప్పుతూ నిలబడ్డాను.

ఇక్కడిదాకా మేము, మేము అని రాసుకుంటూ వచ్చాను. ఎవరెవరమో రాయలేదు. నువ్వు కూర్చునే చదువుతున్నావు కదా.

బండిలో నేను, బిస్మిల్లాబీ, పిల్లవాడి తల్లి మల్లీశ్వరి, ఆమె అన్న భూమన్న ఉన్నాం. పిల్లవాడు శ్రీను రాలేదు. మేనమామ చూసి సరే అంటేనే అతను చూస్తాడట.

నువ్వు అనుకున్నట్టు చూపులు మనింట్లో జరగలేదు. వాళ్లకు బీదర్ దవాఖానలో ఏదో పని ఉందని తెలిసి నేనే ఫోన్ చేశాను. ఖేడ్ దాకా ఎందుకు, బీదర్‌లోనే కలుద్దాం, పిల్ల ఆఫీసు కూడా చూపిస్తానన్నాను. చూపించాను. దానికి మూడు చక్రాలున్నాయి. ఎవరు వస్తున్నారో అంకితకు ముందురోజే చెప్పాను. చీర కట్టుకోవాలా అంది. రోజూ ఏది వేసుకుంటావో అదే వేసుకో అన్నాను.

బస్టాండు దగ్గర భూమన్న బండిని చూశాడు, ఖాకీ చొక్కాను చూశాడు, నన్ను చూశాడు.

"పిల్లేది టీచరమ్మా?"

"డ్రైవర్ సీట్ల కూసుంది."

"ఆఫీసన్నరు."

"గిదే ఆఫీసు. ఎక్కు."

పదిమందిలో కాదనలేక ఎక్కాడు. మదరసా దగ్గరా కోటలోనూ మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు. మల్లీశ్వరి మాత్రం అంకిత చెప్పినచోటల్లా తలెత్తి చూసింది. ఒకచోట, "బిడ్డా, గా పైన రాసిందేంది?" అని అడిగితే అన్నే కసిరాడు.

అసలు చూపులు అష్టూరు నుంచి తిరిగి బయలుదేరేటప్పుడు జరిగాయి. రోడ్డు పక్కన భూమన్నకు తెలిసినవాళ్లు ఇద్దరు కనిపించారు. ఆయన మనూర్ దిక్కు షేర్ ఆటోల్లో తిరిగిన మనిషి. బండి ఆగి ఉందంటే అందులో చోటు ఉన్నట్టే ఆయనకు. "ఎక్కుండ్రి ఎక్కుండ్రి, మనదే బండి" అని పిలిచాడు. ఒకతను డ్రైవర్ పక్కన రేకు మీద ఇరుక్కున్నాడు, ఇంకొకతను వెనక కమ్మీ పట్టుకుని వేలాడాడు.

"మామా, నలుగురికే" అంది అంకిత.

"గిదేంది పిల్లా. మా మనూర్ల ఆటోకు పన్నెండు మంది ఎక్కుతరు. డ్రైవరే సగం బయట కూసుంటడు."

"మనూర్ల గిసొంటి గుట్ట ఎక్కుడు లేదు మామా. బరువైతె బండి నడుమల ఆగుతది. ఆగితె ఎనకకు జారుతది."

"మొగోళ్లం ముగ్గురం ఉన్నం. జారితె పట్టుకుంటం."

అంకిత తాళం తీసి చేతిలో పట్టుకుంది. కిందికి దిగి రోడ్డు అంచున నిలబడింది. "వాళ్లు దిగినంక పోదాం" అంది. గొంతు పెంచలేదు.

అప్పుడు భూమన్న నా వైపు చూశాడు. నువ్వు అప్పజెప్పిన పని నాకు గుర్తుంది. "పోనీలేవే, ఈ ఒక్కపారి" అని నేనొక మాట అంటే చాలు. పిల్ల పెద్దల మాట వింటుందని తేలేది, సంబంధం నిలిచేది. మన ఇళ్లలో ఆడపిల్లకు అన్నిటికంటే ముందు నేర్పే మాట అది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు.

ఆ ఇద్దరూ మర్యాదస్తులు. "మేం ఎనక ఆటోల వస్తం అన్నా" అని దిగిపోయారు. భూమన్నకు అది ఇంకా నామోషీ అయింది. "అయితె నేను గూడ దిగుత. నడిచే వస్త" అని కండువా దులుపుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆయన ముందు, మేము వెనక. బండికి చప్పుడు లేదు కదా, మేము కిందనే ఆగిపోయామనుకున్నాడు. నడుస్తూ మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. నన్ను తిట్టాడు, నిన్ను తిట్టాడు, ఆడపిల్లలకు లైసెన్సు ఇచ్చే సర్కారును తిట్టాడు. చివరికి చెప్పు కాలిని కొరికితే, ఒక కాలు మీద ఆగి, చెప్పు తీసి వెనక్కి తిరిగాడు. బారెడు దూరంలో మేమందరం ఉన్నాం.

"మామా, నీ సీటు ఖాళీగనే ఉంది" అంది అంకిత.

మల్లీశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది. బిస్మిల్లాబీ ఏమీ కుక్కుకోలేదు. ఆ నవ్వు అష్టూరు దాకా వినబడి ఉంటుంది. భూమన్న చెప్పు చేత పట్టుకునే వచ్చి ఎక్కాడు.

ఊళ్లోకి వచ్చాక చాయ్ తాగుతూ ఆయన తీర్పు చెప్పాడు. "పిల్ల హుషారే టీచరమ్మా. కాదంటలేను. గని పెండ్లయినంక గిది బంద్ చెయ్యాలె. నీ కొడుకు మాట ఇచ్చిండు."

"మాట ఇచ్చినోడు సూరత్‌ల ఉన్నడు. బండి తోలేది ఈడ ఉంది. దాన్ని అడుగు."

ఆయన అడగలేదు. అంకితే చెప్పింది. "బంద్ చెయ్య మామా. ఎనక కొట్లాట వద్దని ముందుగాలనే చెప్తున్న. శ్రీనుకు గూడ గిదే చెప్త, అడిగితె."

"వాన్ని అడిగేదేముంది? నేను చెప్పిందే వాడు చేస్తడు."

"అయితె గీ సంబంధం మాకు వద్దు" అన్నాను.

"మాకంటె? నీ కొడుక్కు గూడనా?"

"వానికి గూడ."

నేను చేసింది ఇదీ. నీ పేరు మీద, నిన్ను అడగకుండా. పైగా నువ్వు చెప్పిన ఆఫీసు అబద్ధాన్ని నేనే బస్టాండులో బయటపెట్టాను. దాచి పెళ్లి చేస్తే ఆ అబద్ధాన్ని రోజూ మోయాల్సింది నువ్వూ నేనూ కాదు, అంకిత. ఒక సంబంధం తెగ్గొట్టినందుకు నాకు నిద్ర పట్టకుండా పోలేదు. భూమన్న నీ ఫోన్ ఎత్తడు, ఇక చేయకు. ఆ పిల్లవాడికి సొంత నోరంటూ ఉంటే తనే మాట్లాడతాడు, అప్పుడు చూద్దాం.

ఒకటి మాత్రం నువ్వు తెలుసుకోవాలి. దిగేటప్పుడు మల్లీశ్వరి వెనకబడి, అన్నకు వినబడకుండా అంకితను అడిగింది. "బిడ్డా, గిది నేర్సుకోనీకె ఎన్ని దినాలు పడ్తది?"

"గేర్లు లేవు అత్తమ్మా. భయం పోతె సాలు."

ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది.

మమ్మల్ని ఖేడ్ బస్సు ఎక్కించడానికి వచ్చి అంకిత సంబంధం ఊసే ఎత్తలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని, "నాయినకు ఏం రాస్తవు నానమ్మా?" అంది.

"అయింది అయినట్టు రాస్త."

"కోపం జేస్తడు."

"చెయ్యనీ."

బస్సు స్టార్టయింది. అంకిత కమ్మీ వదల్లేదు. "ఒక్కపారన్న నా బండి ఎక్కుతడా?" అంది. పొద్దుటి నుంచి యాత్రికులకు ఆజ్ఞలు వేసిన గొంతు కాదు, శివరాజ్. బడి మార్కుల కాగితం నీ చేతికిచ్చి నీ మొహం చూసేటప్పటి గొంతు. ఎక్కుతాడని చెప్పాను.

కాబట్టి దసరా సెలవుకు వచ్చేటప్పుడు తిన్నగా ఖేడ్ రాకు. బీదర్‌లో దిగు. సుహాసినిని కూడా దింపు. కూతురనో తండ్రిననో రాయితీ అడగకుండా, పదిమందిలాగే వెనక సీట్లో కూర్చో. కోట చూడు, అష్టూరు చూడు, ఆ గుట్ట ఎక్కేటప్పుడు దాని చేతులు చూడు. అన్నీ అయి బండి దిగాక ఇంకా తిట్టాలనిపిస్తే అక్కడే, రోడ్డు మీదే తిట్టు, నేను అడ్డం రాను. ఎక్కకుండా తిట్టడానికి మాత్రం నీకు హక్కు లేదు.

ఇట్లు,
నీకు తల్లిని,
ఈ విషయంలో మాత్రం
అంకితకు నానమ్మని.