బల్ల మీద ఒక్క డబ్బా

లెమ్‌హై లోయ, ఐడహో
అక్టోబరు, 1957

చిరంజీవి ఓరెన్‌కు, నిన్ను కన్న తల్లి ఆల్మీడా దీవించి, చెప్పి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నీ భార్య, ఆవు ముగ్గురమూ కాళ్ళ మీద నిలబడే ఉన్నాం. కోళ్ళు మాత్రం చలికి గుడ్లు మానేశాయి. అలాస్కాలో నీ రోడ్డు పని సాగుతోందనీ, గుడారంలో పొయ్యి పెట్టారనీ విని నా మనసు కుదుటపడింది. మేజోళ్ళు తడిగా ఉంటే తొడుక్కోకు.

ఈ ఉత్తరం రాస్తున్నది వెర్లాయే. రాసిపెట్టడానికి ఈ లోయలో నాకింకెవరున్నారు? పాస్టరు గారి భార్య ఉంది గాని, ఆమెకు ఒక మాట చెబితే ఆదివారానికి చర్చి అంతా తెలుస్తుంది. అందుకని ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నానో ఆమె చేతే రాయించుకోవలసి వచ్చింది. ఒక్క మాట కూడా మార్చనని ఒట్టు వేయించుకున్నాను. రాసిందంతా నాకు తిరిగి చదివి వినిపించాలన్నాను.

"చదివేటప్పుడు మాత్రం మార్చలేనా అత్తయ్యా?" అంది.

చూశావా పొగరు! అది కూడా రాయమన్నాను. రాసింది, నవ్వుతూ.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలికి ఎలుగుబంటి కొవ్వు కాచి రాస్తున్నాను, మెట్లు ఎక్కగలుగుతున్నాను. పైకప్పు కారుతున్నచోట మన కంచరగాడిదల డెల్బర్ట్ వచ్చి రేకు వేశాడు. వాటికి లాడాలు కొట్టినట్టే కొట్టాడు, ఇల్లంతా అదిరింది. ఆవు ఇంకా పాలిస్తోంది.

ఇక నీ చివరి ప్రశ్న. అది నన్ను అడగలేదు నువ్వు. "వెర్లా, ఈసారి ఏ తూటా? ఏ గుండు, ఏ మందు? నువ్వు ఏది ఎంచుకుంటే అదే సరైనది" అని రాశావు. ఈ పిల్ల ఆ వాక్యం దగ్గర ఆగి గొంతు సవరించుకుంది. చదవమని గట్టిగా అన్నాను. చదివింది. అప్పుడా గొంతులో ఎంత తేనె ఉందో నువ్వు వినలేదు, నేను విన్నాను.

ఓరెన్, మీ నాన్న తూటాలు ఎవరు నింపారు? పెళ్ళయిన ఏటి నుంచి నేనే. హైరమ్ వేటకు కొండెక్కేవాడు, నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మీ నాన్న ఒకసారి సరిచూసి కోసి ఇచ్చిన సీసపు ముక్క త్రాసులో ఒకవైపు, తుపాకీమందు ఇంకోవైపు. ముల్లు మధ్యకు వస్తే చాలు, అంకెలతో నాకు పనేమిటి? నీ మొదటి ఎల్క్ దుప్పి పడింది నా తూటాకే. ఆ రోజు నా మెడ పట్టుకుని వేలాడావు. ఇప్పుడు సరైనది ఏదో తెలిసింది నీ పెళ్ళానికి!

నా వాదన విను. దుప్పి అంటే జింక కాదు. గుర్రమంత ఒళ్ళు, గొడ్డలి కర్రంత ఎముక. నీ భార్య ఎంచుకున్నది నువ్వు కొనిచ్చిన సన్ననోటి తుపాకీ, చిటికెన వేలంత గుండు. చాలా వేగమట. మైదానం అవతల ఉన్నదాన్ని కూడా గురి ఎత్తకుండా కొట్టొచ్చట. వేగం సరే! పొదలోంచి దుప్పి పది గజాల్లో లేచి, గుండు భుజం ఎముకకు తగిలితే? అంత వేగంలో తేలిక గుండు పైనే చితికిపోతుంది. దుప్పి మూడు కాళ్ళతో లోయలోకి దిగిపోతుంది, ఎక్కడో చచ్చి కాకుల పాలవుతుంది. మనకు చలికాలమంతా చిక్కుడుగింజలే. మీ నాన్న పెద్ద తుపాకీలో నేను పెట్టేది బరువు గుండు. నిదానంగా పోతుంది గాని ఎముకను విరిచి అవతలి పక్కనుంచి బయటికి వస్తుంది. నెత్తురు జాడ వదులుతుంది.

ఈ మాట మొన్న బల్ల దగ్గరే చెప్పాను.

"అత్తయ్యా, ఇది పాత తేలిక గుండు కాదు. దీని నడుమ రాగి గోడ ఉంది. ముందుభాగం చితికినా వెనకభాగం లోపలికి పోతుంది" అంది, ఒకటి సగానికి కోసి నా అరచేతిలో పెట్టి.

"గోడలు ఇంటికి ఉండాలి, గుండుకు కాదు."

"మీ గుండు మంచిదే. కాని మామగారి తుపాకీ తన్నుకు నా భుజం ఆగదు. తంతుందని భయంతో మీట లాగితే నా గురి తప్పుతుంది. తప్పిన బరువు గుండు ఎందుకు?"

దాంతో నాకు ఇంకా కోపం వచ్చింది. "నేను నలభై ఏళ్ళు తన్నించుకున్నాను, నా భుజం ఊడిందా?" అన్నాను.

"మీరు కాల్చలేదు కదా అత్తయ్యా, నింపారు" అంది.

రాశావా వెర్లా? రాయి.

ఇంకో ఫిర్యాదు. బల్ల తుడుస్తానని నా సామానంతా మార్చింది. నీకు తెలుసు, అంగడిలో యుద్ధంలో మిగిలిపోయిన తుపాకీమందు కాగితపు సంచుల్లో తూచి ఇస్తారు, మనం కాఫీ డబ్బాల్లో పోసుకుంటాం. అన్నీ ఒకలాంటి డబ్బాలే. నా మందు ఎప్పుడూ కిటికీ వైపు ఉండేది, మూతకు ఎర్ర గుడ్డ కట్టి. నాది త్వరగా మండే మందు, ఆమెది నింపాదిగా మండేది. చూపుకు రెండూ పెన్సిల్ ముల్లు విరిచినట్టు నల్లటి పుల్లలే. ఈ పిల్ల నా గుడ్డలు విప్పి, కాగితాలు అంటించి, వాటి మీద పేర్లు రాసింది. నా డబ్బాను పై అరలో పెట్టి, తన డబ్బాను కిటికీ వైపు పెట్టింది. ఎందుకంటే ఆ వైపు వెలుతురు బాగుంటుందట. అది నేను నీ తండ్రిని అడిగి వేయించుకున్న కిటికీ.

ఇక అసలు మాట. వెర్లా, కలం ఆపకు. రేపు తెల్లవారగానే డెల్బర్ట్ కంచరగాడిదలతో వస్తాడు, నువ్వు వేటకు కొండపైకి వెళ్ళిపోతావు. నీ మొహం చూసి చెప్పలేక ఓరెన్‌కు చెబుతున్నాను, రాసేది నువ్వే కదా అని.

ఓరెన్, ఈ ఇంట్లో మీ నాన్న పెట్టిన కట్టడి ఒకటుంది. బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి. అది మూతపెట్టి అరలో పెట్టాకే ఇంకోటి దింపాలి. నీకు చిన్నప్పుడు అదే నేర్పాను, చెయ్యి మీద కొట్టి మరీ. మొన్న ఈ పిల్ల పాలు పితకడానికి వెళ్ళినప్పుడు, తన డబ్బా బల్ల మీద ఉండగానే నేను నాది దింపాను. పెద్ద తుపాకీకి నా తూటాలు నింపి, భోజనాల బల్ల మీద పోసి, "ఇవి పట్టుకుపో" అందామని. గిన్నె నిండా మందు పోసుకుని కొన్ని నింపాను. వాకిట్లో అడుగుల చప్పుడు వినబడింది. దొంగలా కంగారుపడి, నా డబ్బాను పైకి నెట్టి, గిన్నెలో మిగిలింది కిటికీ వైపు డబ్బాలో ఒంపేశాను. నలభై ఏళ్ళుగా అలా ఒంపిన చెయ్యి అది. మూత పెడుతుంటే వేలికి గుడ్డ బదులు కాగితం తగిలింది. అప్పుడు తోచింది, కిటికీ వైపు ఉన్నది ఇప్పుడు వెర్లా డబ్బా.

ఆమె గురి సరిచూసుకున్నది అంతకు ముందే. రేపటికి పట్టుకెళ్ళే తూటాలు నింపింది ఆ తర్వాత, ఆ డబ్బాలోంచి. పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ చూశాను. నోరు తెరవలేదు. వాన పడితే వెళ్ళదులే అనుకున్నాను. డెల్బర్ట్ కంచరగాడిద కుంటితే బాగుండుననుకున్నాను. నింపాది మందు కొలతకు త్వరగా మండేది పడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? తుపాకీ వెనక భాగం పగిలి, కాల్చేవాళ్ళ మొహం మీదికే వస్తుంది.

*

ఓరెన్, పై మాట దగ్గర కలం ఆగిపోయింది. ఇదంతా వెర్లా కొండ దిగి వచ్చాక మళ్ళీ కూర్చుని రాయిస్తున్నది.

ఆ సాయంత్రం ఈ పిల్ల కలం మూత పెట్టి, లేచి, తన కోటు జేబులోంచి తూటాలన్నీ తీసి బల్ల మీద పెట్టింది.

"నన్ను చంపుదామనుకున్నారా?"

"అనుకుంటే చెప్పేదాన్నా?"

"మరి మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, ముసలిదాని పని అయిపోయింది, బల్ల జోలికి రానివ్వకూడదు అంటావని."

"అంటాను" అంది. "ఇప్పుడూ అంటున్నాను. నా అడుగుల చప్పుడుకు మీకు భయం దేనికి? ఇల్లు మీది కాదా?"

"నాదైతే నా డబ్బా ఎందుకు జరిపావు? ఎర్ర గుడ్డ ఎందుకు విప్పావు? ఆ కాగితం మీద నువ్వు రాసింది నాకు కోడిగీతలే కదే!"

ఆ మాటకు ఈ పిల్ల కుర్చీలో కూలబడింది. చేతులతో మొహం కప్పుకుని, "నాకు తోచనే లేదు" అంది. "ఇన్నేళ్ళ నుంచి మీకు ఉత్తరాలు రాసిపెడుతున్నాను, ఆ డబ్బాల దగ్గర మాత్రం తోచలేదు." ఏడ్చిందో లేదో నేను చూడలేదు, పొయ్యిలో కట్టె పెడుతున్నాను.

తర్వాత ఇద్దరం కూర్చున్నాం. ఒక్కో తూటాను బోలు సుత్తిలో బిగించి, దిమ్మ మీద తట్టి గుండు ఊడదీశాం. ఆమె తట్టింది, నేను మందు ఒంపాను. ఆ మందూ, డబ్బాలోని మందూ మొత్తం తీసుకెళ్ళి ఉల్లిమడిలో చల్లేశాం. ఒకసారి కలిసిన మందును ఎవరూ వేరు చేయలేరు. సన్ననోటి తుపాకీకి ఇక తూటా లేదు. ఊళ్ళోకి వెళ్ళి తేవడానికి వేళ లేదు. ఉన్నవల్లా పిండి డబ్బాలో నేను దాచిన నా బరువు తూటాలు. వాటిలో నా మందు తప్ప మరొకటి లేదు. ఒకటి విప్పి, త్రాసులో తూచి, పుల్లలు చూసుకుని మరీ నమ్మింది. నాకు కోపం రాలేదు.

నా తూటాయే కొండెక్కింది ఓరెన్. నేను అడిగిందే జరిగింది. ఆమె మీ నాన్న తుపాకీ భుజాన వేసుకుని గడప దాటుతుంటే, గెలిచినట్టు అనిపించలేదు.

దుప్పి పడింది. చిన్న కొమ్ముల మగది, బాగా కొవ్వు పట్టింది. మాంసం కొట్టులో వేలాడుతోంది. డెల్బర్ట్ దింపుతూనే మొదలుపెట్టాడు: "ఆల్మీడా, ఏం కోడలు నీ కోడలు! ఒక్క దెబ్బ. మోకాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చుంది దుప్పి."

"తూటా అత్తయ్యది" అంది వెర్లా.

"తూటా ఎవరిదైతేనేం, వేలు నీది" అన్నాడు వాడు. వాడికి పెట్టబోయిన కాఫీ పొయ్యి మీదికే తోసేశాను.

రొట్టె అందుకోబోయి ఈ పిల్ల అబ్బా అంది. చొక్కా తొలగించి చూస్తే భుజమంతా నీలంగా కమిలి ఉంది. అక్కడ ఒక్క మాట అనలేదట, కళ్ళు మూయలేదట, మీట మెల్లగానే లాగిందట. పుల్లటి సిర్కాలో తడిపి గుడ్డ వేశాను. ఇంత బాధను మింగి, పొగడ్త నాకు వదిలేసింది చూడు, దాని మీద కూడా నాకు అసూయగానే ఉంది. ఆ మాట రాయడానికి సిగ్గుపడింది, నేనే రాయించాను.

ఇప్పుడు డబ్బాలకు కాగితాలూ ఉన్నాయి, గుడ్డలూ ఉన్నాయి. కిటికీ వైపు ఎవరిది ఉండాలో ఇంకా తేలలేదు, రోజూ పోట్లాడుతున్నాం. నీ పని మాత్రం ఒక్కటే. తూటాల సంగతి ఇకమీదట అడగాలంటే మా ఇద్దరినీ అడుగు.

ముందు నన్ను అడుగు.

ఇట్లు,
నీ రాక కోసమూ, నీ జవాబు కోసమూ చూస్తూ,
నీ అమ్మ
ఆల్మీడా ట్యాకెట్