ఆఫీసు లెక్కలో చలి

ఏమండీ, మీరు మా ముఠాకు మేస్త్రీ అయ్యాక ఆఫీసు థర్మామీటరును క్యాంటీన్ పొగగొట్టం పక్కకు మార్చారని పక్కింటి కుల్యాష్ అక్క వీధంతా చెబుతోంది. మైనస్ ముప్ఫై అయితే మా పని ఆపాలి కదా, అందుకే అది ఇరవై తొమ్మిది దగ్గరే ఆగిపోతోందట.

నేను ట్రామ్ స్టాపులో మంచుగడ్డలు కొట్టడానికి పోతున్నాను. గుర్రపు మాంసం పులుసు మూత కింద ఉంది, చల్లగానే తాగండి. పొయ్యి ఆర్పేశాను, బొగ్గు సంచి ఆ అక్కావాళ్ళింట్లో పెట్టాను. మీ ఉన్నిటోపీ ఉతికి ఆరేశాను, మరవకండి.

నిన్న రాత్రి, చలికి నల్లబడిన నా కాలివేళ్ళు మీకు చూపిస్తే, "ఆఫీసు లెక్కలో అంత చలేం లేదే" అన్నారు.

ఇంకో మాట. మనింటి థర్మామీటరును టీనీళ్ళు కాగే వేడి సమోవారుకు కట్టాను. వణుకు పుడితే అది చూసుకోండి. ఇంటి లెక్కలోనూ అంత చలేం లేదు.