మీరు వద్దన్న చిన్న బ్యాటరీ

ఏమండీ,

మీరు వద్దన్న ఎలక్ట్రిక్ కారే కొన్నాను, అదీ చిన్న బ్యాటరీది. "నడుమల ఛార్జింగ్ అయిపోతే ఎట్ల?" అంటూ షోరూమ్ నుంచి నన్ను వెనక్కి తెచ్చారు, గుర్తుందా? మా తిరుగుడంతా తార్నాక, క్యాంపస్, సీతాఫల్‌మండి. వారానికోసారి ఛార్జ్ చేస్తే చాలుతోంది.

ఈరోజు మన స్వాతి పీహెచ్‌డీ వైవా అయింది, డాక్టరేట్ వచ్చేసింది. సీతాఫల్‌మండి నుంచి అత్తయ్యను ఎక్కించుకుని, స్వాతి కోసం క్యాంపస్‌కు వెళ్లాను. "ఇంకో చుట్టు తిప్పు బిడ్డా, చల్లగున్నది" అంటూ అత్తయ్య కారు దిగనే లేదు. చీకటి పడేదాకా క్యాంపస్ రోడ్లన్నీ తిరిగి ఇంటికొచ్చినా ఛార్జింగ్ సగానికి పైనే మిగిలింది.

"నాన్న ఉంటే రోడ్డు ఇడిసిపెట్టి మీటరే చూస్తుండె" అంది స్వాతి.

అందరికంటే ముందు నవ్వింది అత్తయ్యే. మీరు పోయాక ఆమె నవ్వు వినడం ఇదే మొదటిసారి.