గురువారం ఆరు గంటలకు

కుప్పం,
12 ఆగస్టు 2003.

దెబోరాకు,

మా పద్ధతిలో నమస్కారం, మీ పద్ధతిలో వందనాలు. మీ నాన్న యేసుదాసుగారికీ అమ్మగారికీ కూడా చెప్పు. నేను బాగానే ఉన్నాను. నాలుగేళ్ళ తరువాత నా చేతిరాత చూసి, కవరు పక్కన పడేయకుండా ఇంతవరకూ చదివావంటే నువ్వూ బాగానే ఉన్నావనుకుంటాను.

ఎం.ఏ. చదవడానికి ఈ ఊరొచ్చాను. హాస్టల్లో నా గదిలో ఉండే శ్వేత వాళ్ళమ్మతో ఫోన్లో తమిళంలో పోట్లాడి, వచ్చి నా దగ్గర తెలుగులో ఏడుస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు మన రెండిళ్ళూ గుర్తొస్తాయి.

ఇంటర్ రెండో సంవత్సరంలో మదనపల్లెలో మన ట్యూషన్ ఐదింటికి అయిపోయేది. పుంగనూరుకు నా బస్సు ఏడుంబావుకు. ఆ మధ్య కాలమంతా ఆసుపత్రి క్వార్టర్సులో మీ ఇంట్లోనే, మీ అమ్మ తాలింపు పెట్టిన బొరుగులు తింటూ. గురువారమైతే ఆరు గంటలకు ప్రార్థన. చుట్టుపక్కల వాళ్ళొచ్చి చాప మీద కూర్చునేవాళ్ళు. మీ నాన్న ఒక్కొక్కరినీ, "నీకు దేనికోసం ప్రార్థన చెయ్యాల?" అని అడిగేవారు. మీ తమ్ముడు ఫిలిప్ ఒకసారి, "మా లెక్కల సారు వేరే ఊరికి పోవాల" అన్నాడు. మీ నాన్న నవ్వు ఆపుకొని, "సారు ఈడనే సల్లగా ఉండాల, వీనికి లెక్కలు రావాల" అని మార్చి ప్రార్థించారు. ఇంకో గురువారం, పొద్దున నిన్ను ఊరికే కసిరినందుకు అందరి ముందూ నిన్ను క్షమించమని అడిగారు. ఒక తండ్రి కూతురిని అలా అడగడం నేను అంతవరకూ చూడలేదు. సిగ్గేసి చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

మా ఇల్లు నువ్వూ చూశావు కదా. పశువుల తవుడు, గానుగచెక్క అమ్మే మా నాయన గోవిందప్పతో ఆయన కూతురు నేరుగా మాట్లాడదు. నా చెప్పులు తెగితే మా అమ్మ పప్పు కడుగుతూ గిన్నెతో చెప్పేది, "పాప చెప్పులు తెగిపోయినాయంట" అని. మా నాయన గోడమీది క్యాలెండరుతో అనేవాడు, "శుక్రవారం తెస్తానని చెప్పు" అని. ఆ గిన్నెకూ క్యాలెండరుకూ మధ్యనే నేను నిలబడి ఉండేదాన్ని. నువ్వు రెండు రోజులుండి, "మీ ఇల్లే సుఖం గదే! మనసులో మాట మనసులోనే పెట్టుకోవచ్చు. మా ఇంట్లో నాకు కోపమొస్తే దానిక్కూడా ప్రార్థన చేసేస్తారు" అన్నావు. బస్టాండు దాకా నవ్వుకుంటూ పోయాం.

తరువాత ఆ ఫిబ్రవరి వచ్చింది. పరీక్షలు కాగానే మా భానుప్రకాశ్ మామతో నా పెళ్ళి అని పెద్దవాళ్ళు అనేసుకున్నారు. మామ మంచివాడే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని తిప్పినవాడు. నా బాధే అది. తిరుపతిలో డిగ్రీ చదువుతానని అమ్మకు చెప్పాను. ఆమె ఆ మాట గిన్నెకు కూడా చెప్పలేదు.

నీకు చెప్పాను. ఆ సాయంత్రమే నువ్వు ప్రార్థనలో, "నీరజకు మామతో పెండ్లి ఇష్టం లేదు ప్రభువా, చదువుకోవాలని ఉండాది, వాళ్ళ నాయన మనసు మారాల" అని అందరూ వినేట్టు అన్నావు. చాప మీద ఆసుపత్రి ఆయా వెంకటమ్మ ఉంది. ఆమెదీ పుంగనూరే. ఆమె ఆవుకు తవుడు మా అంగడిలోనే కొనేది. మర్నాడు పొద్దున్నే తవుడు కొలిపించుకుంటూ, "పాప కోసం మేమంతా మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసినామప్పా" అని మా నాయనతో అంది.

ఆ సాయంత్రం నేను మీ ఇంట్లో ఉండగానే ఆయన అంగడి మూసి వచ్చాడు. "నా బిడ్డ మాట నాకు తెలీదు, మీకెట్ల తెలుసు?" అని మీ నాన్నను అడిగాడు. తరువాత నా వైపు తిరిగాడు. నేను, "ఎవురికీ చెప్పొద్దంటిని నాయనా, ఇదే అందరి ముందరా చెప్పేసింది" అన్నాను. నువ్వు నన్నొకసారి చూశావు. మీ నాన్న చేతులు జోడించారు.

తిరుగు బస్సులో మా నాయన ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాడు. తరువాత కిటికీలోంచి బయటికి చూస్తూనే, "తిరపతిలో అప్లికేషన్లు ఎప్పుడిస్తారో కనుక్కోమ్మా" అన్నాడు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. పెళ్ళి ఆగిపోయింది. మీ ఇంటికి రావడం మానేశాను.

మొన్న పుంగనూరు బస్టాండులో మీ చెల్లెలు రెజీనా కనిపించింది. నువ్వు నర్సువయ్యావని చెప్పింది. ఆ ఫిబ్రవరి నుంచీ ప్రతి గురువారం నీ వంతు వస్తే "ఏమీ లేదు నాయనా" అని తల వంచుకుంటావట. "మా అక్క అచ్చం మీ ఇంటి మనిషి అయిపోయిందక్కా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పాతవన్నీ వదిలేద్దాం. నీ మీద నాకిప్పుడు ఏ కోపమూ లేదు. జవాబు రాయి.

నీ
నీరజ

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చించాను. నీ మీద కోపం లేదని రాశాను చూడు, కోపం ఉండాల్సింది నీకు. ఎవరికీ చెప్పొద్దని నేనెప్పుడూ అనలేదు. "ప్రార్థనలో చెప్పనా?" అని నువ్వు అడిగితే తలూపాను. గుమ్మం బయట వెంకటమ్మ చెప్పులు చూసి మరీ తలూపాను. మా అమ్మ మోయని మాటను నీ నోటితో మా నాయన దాకా పంపించాను. ఆయన ఎదురుగా వచ్చి నిలబడేసరికి భయపడి నిన్ను ముందుకు తోశాను. నేను తలూపిన సంగతి నువ్వు మీ నాన్నకు కూడా చెప్పలేదని ఆయన జోడించిన చేతులు చూస్తేనే తెలిసింది. మా నాయన ఇప్పటికీ, "ఆ యేసుదాసు కూతురికి నోరాగదు" అంటాడు. నేను విని ఊరుకుంటాను.

ఈ గురువారం నీ వంతు వచ్చినప్పుడు ఈ నాలుగు ముక్కలూ గట్టిగా చదువు. వెంకటమ్మ వచ్చి కూర్చున్నాకే మొదలుపెట్టు.