విచ్చుకున్న పూలకు వెయ్యి దండాలు

పూజ్యులైన అత్తయ్యగారికి,

కొత్తగా పూలకొట్టు పెట్టిన మీ మేనల్లుడు నమస్కరించి రాయునది. మీ తోట నుంచి మొదటి పెట్టె అందింది. వ్యాను డ్రైవరు దింపి వెళ్ళగానే మూత తీసి అలాగే నిలబడిపోయాను. వెతికినా ఒక్క మొగ్గ లేదు. అన్నీ గిన్నెలంత విచ్చుకున్న గులాబీలే. ఇలాంటివి ఈ బజారులో ఏ కొట్టులోనూ లేవండి. అందరూ మొగ్గలే అమ్ముతున్నారు, ఎందుకో మరి. కొన్నవాళ్ళ ఇంట్లో వారం రోజులు నిలుస్తాయట. మన పూలను మాత్రం వచ్చినవాళ్ళంతా చూసి, ఆశ్చర్యపోయి, వెళ్ళిపోయారు. మీ మేలు ఈ జన్మలో మరువను.

మీ విధేయుడు,
మేనల్లుడు

తా.క. పెట్టెలో మీరు అల్లి పంపిన ఉన్ని టోపీ చాలా బాగుంది. ఇక్కడ ఎండలు మండిపోతున్నా తలకు ఎంతో వెచ్చగా ఉంటోంది.

*

చిరంజీవి బుడంకాయకు అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని షెడ్డులో పూలు ఏరే ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను. నన్ను పట్టుకుని మీరు, అండీ అంటున్నావేమిట్రా, అప్పుడే పట్నం నీళ్ళు వంటబట్టాయా?

మన వ్యాపారి మొగ్గలన్నీ ఏరుకుని విమానం ఎక్కిస్తాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాటిని కూజాలో పెట్టుకుని, ఎప్పుడు విచ్చుకుంటాయా అని కాపలా కాస్తారట. నా పిల్లాడికి ఆ ఖర్మేమిటి? నువ్వు కొట్టు తెరిచేసరికి పువ్వు నవ్వుతూ ఉండాలి. అంతగా నచ్చాయన్నావు కదా, ఈసారి నీ వాటా పూలను ఇంకో రెండు రోజులు మొక్క మీదే ఉంచి కోయించాను.

ఇట్లు నీ అత్త

తా.క. ఎండలన్నావని ఈ టోపీకి చెవులు కూడా అల్లాను. వడగాడ్పు కొట్టదు.

*

పూజ్యులైన అత్తయ్యగారికి,

రెండో పెట్టె అందింది. మూత తీస్తే రేకులన్నీ ఒకవైపు, కాడలన్నీ ఒకవైపు ఉన్నాయి. విడదీసే శ్రమ కూడా నాకు లేకుండా చేశారు.

ఎదురుగా ఉన్న పెద్ద హోటలు మేనేజరు మన కొట్టుకు వచ్చారు. వాళ్ళ హాల్లోకి ప్రతివారం పూలు కావాలట. ఆ ఒక్క బేరం కుదిరితే కొట్టు నిలబడుతుంది. ఆయన మన పువ్వు ఒకటి తీసుకుని వాసన చూశారు. కాడ మాత్రం చేతిలో మిగిలింది. చాలా మర్యాదస్తులు, ఏమీ అనకుండా చొక్కా దులుపుకుని వెళ్ళారు. మళ్ళీ వస్తామనలేదు, రామనీ అనలేదు.

కొట్టు అద్దెకిచ్చిన ఇంటాయన కూడా రోజూ వచ్చి నాలుగు మూలలూ చూసి వెళుతున్నారు. ఈ గది తన అల్లుడి బ్యాగుల కొట్టుకు సరిగ్గా సరిపోతుందని, నెలాఖరు దాకా చూస్తానని అంటున్నారు. మీరు లేత పూలు పంపినా నాకు అభ్యంతరం లేదండి. అంటే, మీకు వీలైతేనే. మీ ఋణం ఎలా తీర్చుకోను?

మీ విధేయుడు,
మేనల్లుడు

తా.క. చెవుల టోపీ పెట్టుకున్నప్పటి నుంచి ఇంటాయన మాటలు వినబడటం లేదు. అందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

*

చిరంజీవి బుడంకాయకు అత్త ఆశీస్సులు.

లేతవాటితో సరిపెట్టుకుంటానని రాశావు, ఎంత మంచి మనసురా నీది! నువ్వేమీ సర్దుకుపోనక్కర్లేదు. ఇంటాయన అంత అభిమానంగా రోజూ వస్తున్నాడు గదా, ఆయనకూ అల్లుడికీ చెరో గుత్తి ఇవ్వు.

నేనో నిర్ణయానికి వచ్చాను. విమానం వ్యాపారిని ఇక రావద్దని చెప్పేస్తున్నాను. వాడికి మొగ్గలు పోస్తుంటే నీకు విచ్చుకునేవి చాలడం లేదు. వచ్చే వారం నుంచి తోట తోటంతా నీకోసమే పూస్తుంది.

ఇట్లు నీ అత్త

తా.క. ఇందులో ఉన్న మూడో టోపీ హోటలు మేనేజరుకి.

*

అత్తా,

ఈ ఉత్తరం అందగానే వ్యాపారి దగ్గరికి మనిషిని పంపు. వాణ్ణి వద్దనకు. వాడు పోతే తోట ఏమవుతుంది, షెడ్డులో వాళ్ళంతా ఎలా బతుకుతారు, నువ్వేం చేస్తావు?

నిజం రాస్తున్నాను. విచ్చుకున్న పూలు నాకు పనికిరావు. పొద్దున కొన్నవాళ్ళు సాయంత్రం రాలిన రేకులు కాగితంలో కట్టుకొచ్చి మొహాన కొట్టినంత పని చేస్తున్నారు. మొదటి పెట్టె నుంచీ ఇదే వరస. హోటలు బేరం చేజారేలా ఉంది. నెలాఖరుకి ఈ గదిలో బ్యాగులు వేలాడతాయి.

ఇంత చిన్న ముక్క రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. అమ్మ పోయిన రోజున నువ్వు నన్ను చంకనేసుకుని తోటకి తీసుకెళ్ళావు. అప్పటి నుంచి నేను తిన్నదీ, కట్టుకున్నదీ, చదువుకున్నదీ నీ చేతిమీదే. అలాంటి నీ చేతి పువ్వు బాగోలేదని ఏ నోటితో చెప్పను? నాకు మొగ్గలు కావాలి అత్తా. లేవంటే కొట్టు మూసేసి వస్తాను, షెడ్డులో పూలు ఏరతాను. తోట మాత్రం పాడు చేసుకోకు.

మేనల్లుడు

*

ఒరే బుడంకాయ్,

వ్యాపారి నిన్న కూడా వచ్చాడు. కాఫీ తాగి, మొగ్గలు ఎక్కించుకుని పోయాడు. వాణ్ణి రావద్దని నేనెందుకంటాను, నాకేమైనా మతిపోయిందా?

మొదటి పెట్టె మాత్రం నా మురిపెమే. పట్నంలోనూ మొగ్గలే అడుగుతారని తట్టలేదు. నీ మొదటి ఉత్తరం చదవగానే తెలిసింది. నేను కూర మాడ్చిన రోజునే గదా నువ్వు "చాలా బాగుందత్తా" అని పొగుడుతూ తినేవాడివి. నిజంగా కుదిరిన రోజున ఒక్క మాటా ఉండేది కాదు, కంచం ముందుకు జరిపేవాడివి, అంతే. ఆ ఉత్తరంలో పొగడ్తలు చూసి, కూర బొగ్గయిందని గ్రహించాను.

అత్తకే చెప్పలేనివాడు రేపు బేరగాళ్ళకేం చెబుతాడని మొండికేసి, రెండో పెట్టె కావాలనే అలా పంపాను. హోటలు సంగతి చదివాక నాకు అన్నం సహించలేదు. నీకు నష్టం వస్తే నోరు విప్పవు, నాకు వస్తుందంటే విప్పుతావని వ్యాపారి కథ అల్లాను.

ఇక ఋణం అంటావా? నువ్వు రాకముందు ఈ ఇంట్లో నన్ను పిలిచే గొంతు ఒక్కటీ లేదు. షెడ్డు నుంచి రాగానే తాళం తీసుకుని, నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. కృతజ్ఞత చెప్పాల్సి వస్తే నేను చెప్పాలిరా.

ఈ పెట్టెలో పై రేకులు రెండు అప్పుడే విడివడుతున్న మొగ్గలున్నాయి. కాడల చివర్లు ఏటవాలుగా కోసి నీళ్ళలో పెట్టు. మేనేజరు వస్తాడని కూర్చోకు, నువ్వే పట్టుకెళ్ళు.

ఇట్లు నీ అత్త

తా.క. టోపీల సంగతి కూడా నిజం రాయి. నాలుగోది సగంలో ఉంది.

*

అత్తా,

పెట్టె అందింది. హోటలుకి నేనే మోసుకెళ్ళాను. నాలుగో రోజుకి హాలంతా విచ్చుకున్నాయి. ప్రతివారం తెమ్మన్నారు. ఇంటాయన బ్యాగుల మాట ఎత్తడం మానేసి, వాళ్ళావిడకని రోజూ ఒక మొగ్గ పట్టుకెళుతున్నాడు.

మళ్ళీ పంపు.

నీ బుడంకాయ

తా.క. పూజ్యులైన అత్తయ్యగారూ, టోపీలు చాలా చాలా బాగున్నాయండీ. తమకు ఎలా కృతజ్ఞతలు చెప్పుకోవాలో తెలియడం లేదు.